1996 అమెరికా ఎన్నికల రోజు గళ్ళ నుడికట్టు

న్యూయార్క్ టైమ్స్ దినపత్రికలో 1996 నవంబరు 5, మంగళవారం నాడు ప్రచురితమైన ఆంగ్ల గళ్ళ నుడికట్టును ఎన్నికల రోజు గళ్ళ నుడికట్టు అని వ్యవహరిస్తారు. ఆ రోజు అమెరికా అధ్యక్ష పదవికి పోలింగు జరిగింది. రేపటి పత్రికలో ప్రధాన వార్త ఏమిటని అడిగిన ఒక ఆధారానికి "క్లింటన్ ఎలెక్టెడ్" అని రాసినా, "బాబ్ డోల్ ఎలెక్టెడ్" అని రాసినా సరిపోయేలా దీనిని కూర్చారు. ఏ పేరు రాసినా దానిని ఖండిస్తూ పోయే నిలువు పదాలు ఏడూ అర్థవంతంగానే ఉంటాయి, ఏడూ తమ ఆధారాలకు సరిపోతాయి. దీని కూర్పరి జెరెమయా ఫారెల్. అప్పటి సంపాదకుడు విల్ షార్ట్జ్. తన చేతి మీదుగా వెలువడిన పజిళ్ళలో ఇది తనకు మిక్కిలి ఇష్టమైనదని షార్ట్జ్ పలుమార్లు చెప్పాడు.

గళ్ళ నుడికట్టుకు ఒకే పరిష్కారం ఉండాలనేది ఆ క్రీడ మొదలైననాటి నుండి ఎవరూ ప్రశ్నించని నియమం. దానిని తెలిసి తెలిసి ఉల్లంఘించి కూడా పూరించేవారికి అన్యాయం చేయకుండా ఉండడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఈ పజిల్ ఒక జవాబు. అందువల్లనే దీనిపై ప్రశంసలతో పాటు కొంత చర్చ కూడా జరిగింది.

నేపథ్యం

ఆధునిక గళ్ళ నుడికట్టుకు ఆద్యుడు ఆర్థర్ విన్. ఆయన కూర్చిన మొదటి పజిల్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం అనుబంధంలో వెలువడింది. 1920 దశకంలో ఇది అమెరికా అంతటా పిచ్చిగా వ్యాపించింది. న్యూయార్క్ టైమ్స్ మాత్రం చాలాకాలం దీనిని దూరంగా ఉంచడమే కాక, 1924లో ఒక సంపాదకీయంలో దీనిని వ్యర్థ కాలక్షేపమని ఈసడించింది. రెండవ ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన తరువాత, పాఠకులకు మనసు మళ్ళించే వ్యాపకం ఏదైనా ఉండాలనే ఆలోచనతో 1942 ఫిబ్రవరి 15న ఆదివారం పజిల్‌ను ప్రారంభించింది. 1950 నుండి ప్రతిదినమూ ప్రచురించసాగింది. మార్గరెట్ ఫరార్, విల్ వెంగ్, యూజీన్ మలెస్కాల తరువాత 1993లో విల్ షార్ట్జ్ ఈ శీర్షికకు నాలుగవ సంపాదకుడయ్యాడు.

ఈ పత్రిక పజిళ్ళు సోమవారం సులభంగా మొదలై శనివారానికి మిక్కిలి కఠినమవుతాయి. మంగళవారం పజిల్ అంటే కొత్తవారు సైతం పూర్తి చేయగలిగినది. అధ్యక్ష ఎన్నికలు ఎప్పుడూ మంగళవారమే జరుగుతాయి కాబట్టి ఫారెల్ పజిల్‌కు దక్కినది ఆ రోజే. అంటే ఇది కొద్దిమంది ఆరితేరిన వారికి కాక, సాధారణ పాఠకులకు చేరింది. తరువాత వచ్చిన గగ్గోలుకు ఇదీ ఒక కారణం.

అమెరికా పజిల్ నిర్మాణం గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. దినపత్రిక పజిల్‌లో అడ్డంగా 15, నిలువుగా 15 గళ్ళు ఉంటాయి. నల్ల గళ్ళ అమరికను తలక్రిందులు చేసినా అదే ఆకృతి కనిపించాలి. మూడు అక్షరాలకు తక్కువైన పదం ఉండరాదు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, ప్రతి తెల్ల గడీ ఒక అడ్డం పదంలోను, ఒక నిలువు పదంలోను తప్పక భాగం కావాలి. బ్రిటిష్ పజిళ్ళలో ఈ నిర్బంధం లేదు. అక్కడ చాలా గళ్ళు ఒక్క పదానికే చెందుతాయి. అడ్డం జవాబుపై అనుమానం ఉన్నవారు నిలువు పదంతో సరిచూసుకోవచ్చు, నిలువుపై అనుమానం ఉంటే అడ్డంతో సరిచూసుకోవచ్చు. పూరించేవారికి ఇదే భరోసా. ఫారెల్ పజిల్ ఈ భరోసానే ఆయుధంగా మలుచుకొన్నది. సరిచూసుకొన్న ప్రతివారికీ వారు రాసినదే సరైనదని ధ్రువపరిచింది.

కూర్పరి

జెరెమయా ఫారెల్ (1937–2022) ఇండియానాపోలిస్‌లోని బట్లర్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడు. వినోద గణితంపైన, పదక్రీడల పైన మక్కువ గలవాడు. పదక్రీడలకే అంకితమైన వర్డ్ వేస్ పత్రికను కొంతకాలం నడిపాడు.

1996 నాటి ఆలోచన ఆయనకు కొత్తగా తట్టినది కాదు. 1980లో జిమ్మీ కార్టర్, రోనాల్డ్ రీగన్ పోటీ పడినప్పుడే ఇటువంటి పజిల్‌ను కూర్చి న్యూయార్క్ టైమ్స్‌కు పంపాడు. ఆంగ్లంలో ఆ ఇంటిపేర్లు రెండూ ఆరక్షరాలవే. అప్పటి సంపాదకుడు మలెస్కా దానిని తిప్పిపంపాడు. స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్ గెలిస్తే ఏమిటన్నది ఆయన సందేహం. ఆ పజిల్ చివరకు షార్ట్జ్ పనిచేస్తున్న గేమ్స్ పత్రికలో వెలువడింది. పదహారేళ్ళ తరువాత షార్ట్జ్ న్యూయార్క్ టైమ్స్‌లో సంపాదకుడిగా ఉన్నాడు, ఇద్దరు ప్రధాన అభ్యర్థుల పేర్లు మళ్ళీ సరిసమానమైన అక్షరాలతో కుదిరాయి. ఫారెల్ రెండవసారి ప్రయత్నించాడు.

1996 ఎన్నికలో డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్షుడు బిల్ క్లింటన్ రెండవసారి పోటీ చేశాడు. రిపబ్లికన్ అభ్యర్థి బాబ్ డోల్ కాన్సాస్ రాష్ట్రానికి చెందినవాడు. ప్రచారం కోసం ఆ ఏడాది జూన్‌లో సెనేట్ సభ్యత్వాన్ని వదులుకొన్నాడు. రిఫార్మ్ పార్టీ తరఫున రాస్ పెరో కూడా బరిలో ఉన్నాడు. ప్రచారకాలమంతా అభిప్రాయ సేకరణలలో క్లింటన్ ముందంజలోనే ఉన్నాడు.

ఇతివృత్తం, అమరిక

పజిల్‌లో ఇతివృత్తానికి చెందిన అడ్డం వరుసలు మూడు. పై భాగంలో "జోస్యం" అనే అర్థం గల ఆధారానికి జవాబు ప్రోగ్నాస్టికేషన్. ఆంగ్లంలో ఇది సరిగ్గా పదిహేనక్షరాలు. ఈ చివరి నుండి ఆ చివరి వరకు వరుస మొత్తం ఆక్రమిస్తుంది. క్రింది భాగంలో మరొక పదిహేనక్షరాల జవాబు, మిస్టర్ ప్రెసిడెంట్. దాని ఆధారం "39 అడ్డానికి వచ్చే ఏడాది బిరుదు" అన్న భావంతో ఉంటుంది.

అసలు సంగతి నట్టనడిమి వరుసలో ఉంది. 39 అడ్డం ఏడు గళ్ళు, తరువాత ఒక నల్ల గడి, ఆపైన 43 అడ్డం ఏడు గళ్ళు. 43 అడ్డం జవాబు ఎలెక్టెడ్ (ఎన్నికయ్యాడు). అందులో మార్పేమీ లేదు. 39 అడ్డం ఆధారం, 43 అడ్డంతో కలిపి చదివితే రేపటి పత్రికలో ప్రధాన వార్త ఏమిటని అడుగుతుంది. ఆధారం పక్కన బ్రాకెట్లలో ఒక ఆశ్చర్యార్థకం ఉంది. ఇక్కడేదో తిరకాసు ఉందని కూర్పరి చేసిన హెచ్చరిక అదొక్కటే. ఉదయాన్నే కాఫీ తాగుతూ పెన్సిలు పట్టుకొన్నవారిలో చాలామంది దానిని చమత్కారంగా మాత్రమే తీసుకొన్నారు.

రేపటి శీర్షికను ఈ రోజే రాయడం అమెరికా పత్రికలకు చేదు జ్ఞాపకం కూడా. 1948 ఎన్నికలలో షికాగో డైలీ ట్రిబ్యూన్ పత్రిక ఫలితాలు పూర్తిగా రాకముందే థామస్ డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక పెట్టింది. గెలిచింది హారీ ట్రూమన్. ఆ పత్రికను రెండు చేతులా ఎత్తిపట్టి నవ్వుతున్న ట్రూమన్ ఛాయాచిత్రం జగద్విదితం. కాబట్టి పోలింగు జరుగుతున్న రోజున ఒక ప్రతిష్ఠాత్మక పత్రిక తన పజిల్‌లో విజేతను ప్రకటించిందని పాఠకులు నమ్మితే, అది వారికి తేలికగా కొట్టిపారేయదగిన విషయం కాదు.

ఏడు జంటలు

క్లింటన్ పేరులోని ఆంగ్లాక్షరాలు వరుసగా సి, ఎల్, ఐ, ఎన్, టి, ఓ, ఎన్. బాబ్ డోల్ పేరులోనివి బి, ఓ, బి, డి, ఓ, ఎల్, ఇ. ఒక్క స్థానంలో కూడా అక్షరం కలవదు. ఏదైనా ఒక స్థానంలో కలిసి ఉంటే కూర్పరికి ఆ మేరకు శ్రమ తగ్గేది. ఇక్కడ ఏడింటికి ఏడూ జంట పదాలు వెదకవలసి వచ్చింది. ప్రతి జంటలోని రెండు పదాలూ ఒక్క అక్షరంలో మాత్రమే భేదించాలి, రెండింటికీ ఒకే ఆధారం సరిపోవాలి.

మొదటి గడి సి లేదా బి. దానితో మొదలయ్యే 39 నిలువు ఆధారం, హాలోవీన్ నాటి నల్లని జంతువు. జవాబు క్యాట్ (పిల్లి) కావచ్చు, బ్యాట్ (గబ్బిలం) కావచ్చు. హాలోవీన్ అక్టోబరు 31న జరుగుతుంది. పజిల్ వెలువడిన నాటికి అయిదు రోజులే గడిచాయి, ఇళ్ళ ముంగిట కాగితపు పిల్లులు, గబ్బిలాలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి. రెండు జంతువులకూ నలుపుతోను, ఆ పండుగతోను ఒకే స్థాయి సంబంధం ఉండడం వల్ల ఇది ఏడింటిలోను తలమానికం.

రెండవ గడి ఎల్ లేదా ఓ. 40 నిలువు ఆధారం, ఫ్రెంచి భాష మొదటి పాఠాలలో ఎదురయ్యే పదం. లుయి (అతనికి) లేదా వుయి (అవును). మూడవ గడి ఐ లేదా బి. 41 నిలువు ఆధారం, సంక్షిప్తంగా చెప్తే ఆసరా ఇచ్చేది. ఒక జవాబు ఐఆర్ఏ, అంటే అమెరికన్లు పదవీ విరమణానంతర జీవితానికి డబ్బు దాచుకొనే వ్యక్తిగత ఖాతా. 1974 నాటి చట్టంతో ఏర్పడింది. రెండవ జవాబు బ్రా, అనగా బ్రాసియర్ అనే మాటకు కురచ రూపం. సంక్షిప్తంగా అన్న మాట ఒక జవాబులో పొడి అక్షరాలకు, మరొక దానిలో కత్తిరించిన పదానికి వర్తిస్తుంది. ఆసరా అన్న మాట కూడా ఒకచోట ఆర్థికం, మరొకచోట శారీరకం. పాఠకుడు నవ్వుకొనేది ఇక్కడే.

నాలుగవ గడి ఎన్ లేదా డి. ఇది నాలుగక్షరాల నిలువు పదానికి చివరి గడి. కుట్టుపని దుకాణంలో కొనేది అన్న ఆధారానికి యార్న్ (నూలు) లేదా యార్డ్ (గజం). అయిదవ గడి టి లేదా ఓ. చిన్న రచనలు అన్న ఆధారానికి బిట్స్ లేదా బయోస్ (సంక్షిప్త జీవిత పరిచయాలు). ఆరవ గడి ఓ లేదా ఎల్. ట్రంపెట్ అన్న ఒకే మాట ఆధారానికి బోస్ట్ (డంబాలు పలకడం) లేదా బ్లాస్ట్ (బూరా ఊదడం వంటి పెద్ద ధ్వని). ఆంగ్లంలో ట్రంపెట్ అనే మాటకు సంగీతవాద్యమనే కాక, చాటుకోవడం అనే క్రియార్థం కూడా ఉంది. ఈ రెండర్థాలూ రెండు జవాబులకు దారి తీశాయి.

ఏడవ గడి ఎన్ లేదా ఇ. 42 నిలువు ఆధారం, రాజకీయాలలో తరచు వాదోపవాదాలకు గురయ్యే పొడి అక్షరాలు. ఎన్ఆర్ఏ అంటే 1871లో స్థాపితమైన జాతీయ రైఫిల్ సంఘం, తుపాకుల నియంత్రణను వ్యతిరేకించే బలమైన సంస్థ. ఇఆర్ఏ అంటే స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణ. కాంగ్రెస్ దానిని 1972లో ఆమోదించినా, 1982 గడువులోగా కావలసిన 38 రాష్ట్రాల సమ్మతి లభించలేదు. ఎన్నికల రోజు పజిల్‌కు ఇంతకంటే తగిన జంట దొరకదు.

రెండవ జంటలో ఎల్, ఓ స్థానాలు మారగా ఆరవ జంటలో ఓ, ఎల్ మారుతాయి. ఏడు గళ్ళ పదంలో రెండవది, ఆరవది రెండు చివరల నుండి సమాన దూరంలో ఉంటాయి. ఇది పేర్లలోనే ఉన్న కాకతాళీయం.

పూరణ ఎలా సాగుతుంది

ఏడు నిలువు పదాలకు రెండేసి అవకాశాలు ఉన్నందున, నిలువు ఆధారాలను మాత్రమే చూసి ఏడు గళ్ళను నింపితే 128 రకాల అక్షర సముదాయాలు రావచ్చు. వాటిలో అభ్యర్థుల పేర్లు రెండే. నిలువు ఆధారాలు జవాబును నిర్ణయించవు, అడ్డం ఆధారం కూడా ఒంటరిగా నిర్ణయించదు. రెండూ కలిసి 128ని రెండుకు తగ్గిస్తాయి. ఆ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనేది పూరించేవారి మనసు.

రాజకీయాలు తెలిసిన పాఠకుడు నడిమి వరుస ఆధారం చదవగానే క్లింటన్ అని నింపుతాడు. నిలువు పదాలు చూసుకొంటాడు. క్యాట్ సరే, లుయి సరే, ఐఆర్ఏ సరే. ఎక్కడా అనుమానానికి తావు లేదు. డోల్ అభిమాని అదే పనిని మరొక పేరుతో చేసి అంతే సంతృప్తి పొందుతాడు. ఈ ఇద్దరికీ రెండవ జవాబు ఉన్నదన్న సంగతి తెలియదు. తెలిసేది మూడవవాడికి మాత్రమే. అతడు మూలల నుండి మెల్లగా నింపుకొంటూ వచ్చి, పిల్లి అని రాసి, పక్కనే ఫ్రెంచి అవును అని రాసి, సి తరువాత ఓ రావడంతో ఆగిపోతాడు. ఓ తప్పా, సి తప్పా అని తేల్చుకోబోయి, సి మార్చితే ఒక పేరు, ఓ మార్చితే మరొక పేరు వస్తుందని గ్రహిస్తాడు. అంటే పజిల్‌లోని అసలు విశేషం తొట్రుపడినవారికే దొరికింది. తడుముకోకుండా పూర్తిచేసినవారికి దొరకలేదు.

స్పందన

ఆ రోజు ఉదయం నుండి షార్ట్జ్‌కు ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కువమంది కోపగించుకొన్నది ఫలితం రాకముందే క్లింటన్ గెలుస్తాడని పత్రిక ఎలా అనుకొంటుందని. బాబ్ డోల్ అని నింపినవారు పత్రిక ఘోరమైన పొరపాటు చేసిందనుకొన్నారు. ఫిర్యాదు చేసిన రెండు వర్గాలవారూ తమ చేతిలోని గళ్ళను తామే నింపి, ఆ రాతను పత్రికకు అంటగట్టారన్నది ఇందులోని తమాషా.

ఎన్నికలో క్లింటన్ గెలిచాడు. ఎలక్టోరల్ ఓట్లు ఆయనకు 379, డోల్‌కు 159 లభించాయి. ప్రజల ఓట్లలో క్లింటన్‌కు 49.2 శాతం, డోల్‌కు 40.7 శాతం, పెరోకు 8.4 శాతం వచ్చాయి. క్లింటన్ స్వయంగా గళ్ళ నుడికట్టు ప్రియుడు. షార్ట్జ్‌ను, ఈ పజిల్ అభిమానులను గురించి 2006లో వచ్చిన వర్డ్‌ప్లే అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఆయన కనిపిస్తాడు. ఈ పజిల్ ముచ్చట కూడా ఆ చిత్రంలో చోటు చేసుకొన్నది.

విమర్శ

పజిల్ గొప్పతనాన్ని అంగీకరిస్తూనే, ఒక్కొక్క ఆధారాన్ని విడిగా తూచి చూస్తే కొన్ని లోటుపాట్లు కనిపిస్తాయి. రెండు జవాబులకు పొసగాలంటే ఆధారం కొంత విశాలం కాక తప్పదు. అయితే విశాలమైన ఆధారం చప్పగా ఉంటుంది. చిన్న రచనలు అన్నది ఈ దోషానికి ఉదాహరణ. బయోస్ అనదగినవి చిన్న రచనలే, కాని బిట్స్ అంటే తునకలు. అవి రచనలే కానక్కరలేదు. కుట్టుపని దుకాణం విషయం కూడా అంతే. యార్న్ అల్లికకు వాడే నూలు. దానిని కుట్టుపని సామగ్రిలో చేర్చడం కొంత సాగదీతే. ఇక యార్డ్ అన్నది కొలత. గుడ్డ కొంటారు గాని గజాన్ని కొనరు, ఒక గజం కొన్నానని మాటవరసకు అనవచ్చునంతే. ఫ్రెంచి పాఠాల ఆధారానికి ఎవరికైనా ముందు తట్టేది వుయి మాత్రమే. లుయి వ్యాకరణరీత్యా సరైనదైనా రెండవ ఆలోచనగానే వస్తుంది.

దీనివల్ల ఒక వింత ఏర్పడింది. విడివిడిగా చూస్తే వుయి, బ్రా, బయోస్ వంటి సహజమైన జవాబులు డోల్ వైపు మొగ్గుతాయి. అభిప్రాయ సేకరణలు మాత్రం పాఠకుడిని క్లింటన్ వైపు లాగాయి. రెండు పేర్లకూ సమానమైన అవకాశం ఇచ్చిన పజిల్ అని దీనిని పొగడడం వాడుక. త్రాసు నిజానికి సమంగా లేదు. ఒక పళ్ళెంలో భాష, రెండవ దానిలో రాజకీయం ఉండి సరితూగాయనడం ఎక్కువ సబబు.

మరొక ఆక్షేపణ పేర్ల గురించి. ఒకరిని ఇంటిపేరుతో, మరొకరిని పూర్తి పేరుతో పేర్కొనడం సమమర్యాద కాదు. పత్రికా శీర్షికలలో ఇంటిపేరు మాత్రమే వాడడం ఆంగ్ల పత్రికల పరిపాటి కాబట్టి, బాబ్ డోల్ ఎలెక్టెడ్ అన్నది శీర్షికలా ధ్వనించదు. అయితే డోల్ తన గురించి తానే ప్రథమ పురుషలో బాబ్ డోల్ అని చెప్పుకోవడం అప్పట్లో జనానికి బాగా పరిచితం, హాస్యగాళ్ళు దానిని అనుకరించేవారు. ఆ అలవాటు ఈ పజిల్‌కు అనుకోకుండా కలిసివచ్చింది.

పెరో ఊసు లేకపోవడం మూడవది. 1980లో మలెస్కా లేవనెత్తిన అభ్యంతరమే 1996కూ వర్తిస్తుంది, పెరో గెలిస్తే పజిల్ అబద్ధమయ్యేది. అది జరగదని అందరికీ తెలుసు. అలాగే 1980లో ఆండర్సన్ గెలవడనీ అందరికీ తెలుసు. మలెస్కా తర్కం తప్పు కాదు. కాని తర్కానికి లోబడి ఆయన వదులుకొన్నదేమిటో పదహారేళ్ళ తరువాత తెలిసింది.

అసలు ప్రశ్న న్యాయానికి సంబంధించినది. ఒకే పరిష్కారం ఉండాలన్న నియమం ఎందుకు ఉంది? సరైన జవాబు రాసిన పాఠకుడు మరునాడు పత్రిక చూసి తాను ఓడిపోయాననుకోకుండా ఉండడానికి. ఏదో ఒక గడిలో పొరపాటున రెండక్షరాలు సరిపోతే, కూర్పరి తలచిన అక్షరం రాయనివాడు అన్యాయంగా నష్టపోతాడు. ఫారెల్ పజిల్‌లో అటువంటి నష్టం ఎవరికీ లేదు, రెండు పూరణలూ సంపూర్ణమైనవే. ఏడు గళ్ళలో సగం ఒక పేరు, సగం మరొక పేరు చొప్పున నింపినవాడికి మాత్రమే అది తప్పు, ఆ తప్పును అడ్డం ఆధారం పట్టి చూపుతుంది. నియమం యొక్క అక్షరాన్ని అతిక్రమించి దాని ఉద్దేశాన్ని నిలబెట్టిన పజిల్ కనుక దీనిని మోసమని అనడం సరికాదు.

తరువాతి కాలంలో

ఒకే గడిలో రెండక్షరాలు సమానంగా చెల్లే పజిళ్ళను ఆంగ్లంలో ష్రోడింగర్ పజిళ్ళు అంటారు. 1935లో ఎర్విన్ ష్రోడింగర్ ప్రతిపాదించిన ఊహాప్రయోగంలో, పెట్టెను తెరిచి చూసేవరకు పిల్లి బ్రతికీ ఉన్నట్టే, చనిపోయీ ఉన్నట్టే లెక్క. పోలింగు ముగిసి ఓట్లు లెక్కించేవరకు ఫారెల్ గళ్ళూ అలాంటివే. ఈ పజిల్ మొదటి గడిలోనే ఒక పిల్లి ఉండడం కేవలం యాదృచ్ఛికం.

ఈ కోవకు చెందిన తరువాతి రచనలలో పేరుపొందినది బెన్ టాసిగ్ కూర్చగా 2016 సెప్టెంబరు 1న అదే పత్రికలో వెలువడిన పజిల్. అందులో కొన్ని గళ్ళలో ఎమ్, ఎఫ్ అక్షరాలలో ఏది రాసినా చెల్లుతుంది. స్త్రీ పురుష భేదం స్థిరమైనది కాదన్నది దాని ఇతివృత్తం. ఫారెల్ పజిల్‌లో ఏడు గళ్ళు ఒకే వరుసలో ఒకదాని వెంట ఒకటి ఉండగా ఇందులో అవి చెదురుగా ఉన్నాయి. కాగితంపై పూరించిన కాలంలో రెండు జవాబులు ఉంటే పాఠకుడి మనసుకు తప్ప ఎవరికీ ఇబ్బంది లేదు. కంప్యూటరు తెరపైన, ఫోనులోను పూరించేటప్పుడు ప్రోగ్రాము జవాబును సరిచూస్తుంది కనుక, రెండక్షరాలనూ ఒప్పుకోమని దానికి ముందే చెప్పి ఉంచాలి.

తెలుగు గళ్ళ నుడికట్టుతో పోలిక

తెలుగు వారపత్రికలలో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు కూడా గళ్ళ నుడికట్లు కూర్చారు. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం అంటే గుణింతం, ఒత్తులతో కూడిన పూర్తి అక్షరం. అందువల్ల పదాలు పొట్టివవుతాయి, గడికి గల అవకాశాలు మాత్రం ఇరవై ఆరుకు బదులు వందలు. ఇక్కడ ఒక్క గడిలో భేదించే జంటలు కొరవడవు. ఉదాహరణకు పక్షి అన్న ఆధారానికి కాకి, కేకి (నెమలి) రెండూ చెల్లుతాయి. నల్లని పక్షి అనగానే రెండవది తొలగిపోతుంది. చిక్కంతా ఆ రెండక్షరాలతోను అడ్డం పదం కూడా రెండు విధాల అర్థవంతం కావడంలో ఉంది. క్లింటన్, బాబ్ డోల్ పేర్లనే తెలుగు లిపిలో రాస్తే గళ్ళ లెక్క సరిపోదు. పొల్లుహల్లులకు విడిగా గడి ఇస్తే మొదటిది క్లిం, ట, న్ అని మూడు గళ్ళు, రెండవది బా, బ్, డో, ల్ అని నాలుగు. పొల్లును ముందరి అక్షరానికి చేర్చితే రెండూ రెండేసి గళ్ళకు దిగుతాయి గాని, క్లిం, టన్ అన్న గళ్ళతో నిలువు పదాలు కూర్చడం ఎంతటి కూర్పరికైనా కష్టమే.